పెత్రమాస నాడు జారిన పేరు

నేను ఏసీ మెకానిక్‌ని. పద్దెనిమిదేళ్లుగా ఇదే పని. చల్లదనం తగ్గిందంటే ఎక్కడో గ్యాస్ కారుతోందన్న మాట. పైపు మీద సబ్బు నురగ రాస్తే, బుడగ లేచిన చోట బొక్క ఉంటుంది. లోకంలో ప్రతిదానికీ ఇట్లాగే ఒక కారణం ఉంటుందని నమ్మేవాణ్ని. దయ్యాలు, గాలి సోకడాలు అంటే నాకు మొదటినుంచీ నవ్వులాటే. మా రూమ్‌లో ఎవరైనా పీడకల వచ్చిందని నిమ్మకాయ కట్టబోతే, ముందు నిన్న తిన్న బిర్యానీ ఎక్కడిదో కనుక్కోమని చెప్పే రకం నేను.

ఇప్పటికీ ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే సగంలోనే లేచిపోతాను. కానీ ఒమన్‌లోని మసీరా దీవిలో నాకు ఎదురైనదానికి మాత్రం ఎంత నురగ రాసినా బుడగ లేవలేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నమ్మమని ఎవరినీ అడగను.

మాది జగిత్యాల దగ్గరి పల్లె. మేమిద్దరం అన్నదమ్ములం. అన్న గంగారాం నాకంటే ఆరేళ్లు పెద్ద. ఒమన్‌కు నాకంటే ముందే వచ్చాడు. కొన్నేళ్లు బిల్డింగ్ పని చేసి, ఖఫీల్‌తో, అంటే వీసా ఇచ్చిన యజమానితో, పడక కంపెనీ విడిచి బయటపడ్డాడు. పాస్‌పోర్టు ఆ ఖఫీల్ దగ్గరే ఉండిపోయింది. అట్లా కాగితాలు లేకుండా దొరికిన పని చేసుకుంటూ తిరిగేవాళ్లను ఇక్కడ మనవాళ్లు ఖల్లివెల్లి అంటారు. అన్న ఖల్లివెల్లి అయ్యాక వాళ్లనూ వీళ్లనూ బతిమాలి, వాళ్ల ఫోన్ల నుంచి నెలకోసారి వదినతో మాట్లాడేవాడు. ఒక ఏడు ఆ ఫోన్లు ఆగిపోయాయి.

నేను వెతకని చోటు లేదు. సూర్, సొహార్, సలాలా వెళ్లిన ప్రతి మనిషికీ అన్న ఫొటో ఇచ్చి పంపాను. ఎంబసీలో దరఖాస్తు పెట్టాను. ఆసుపత్రుల్లో అడిగాను, శవాలు ఉంచే గదుల దగ్గర కూడా అడిగాను. ఎక్కడా అన్న లేడు. ఒకసారి శవాల గది ముందు నుంచి బయటికి వచ్చి, లేడన్నందుకు సంతోషపడాలో ఏడవాలో తెలియక మెట్ల మీద కూర్చుండిపోయాను.

ఊళ్లో వదిన మెట్టెలు తీయలేదు, బొట్టు తీయలేదు. ఆమె ముందు ఎవరూ ఏమీ అనేవారు కాదు. వెనక మాత్రం మాటలు మొదలయ్యాయి.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. పెత్రమాస అంటే భాద్రపద అమావాస్య. చనిపోయిన పెద్దలకు వండిపెట్టే రోజు. మా తెలంగాణ వాళ్లు ఎక్కడున్నా ఈ పండగ విడవరు. మస్కట్‌లో మత్రా బజారు వెనక, కొండ వాలులో మా రూమ్. అందులో ఐదుగురం. అందరం జగిత్యాల, నిజామాబాద్ వైపు వాళ్లమే. అన్న ఫోన్లు ఆగిన మూడో ఏట పెత్రమాస శుక్రవారం పడింది. సెలవు కాబట్టి అందరం ఉన్నాం. వంట రాజలింగం చేశాడు. మాలో పెద్దవాడు, ఈ పద్ధతులన్నీ తెలిసినవాడు.

గారెలు, మటన్ కూర, గుమ్మడికాయ కూర, అన్నం, పచ్చిపులుసు. పులుసు కలిపే సమయానికి చింతపండు లేదని తెలిసింది. జుమ్మా నమాజు వేళ దుకాణాలు మూసి ఉన్నాయి. రాజలింగం అల్మారా వెతికి, ఒమానీలు కూరల్లో వేసుకునే నల్లటి ఎండు నిమ్మకాయలు నాలుగు తీశాడు. వాటిని లూమీ అంటారు. అవి నానబెట్టి పులుసు చేశాడు. పులుపు తక్కువ, పైగా ఏదో కషాయం వాసన. పెద్దలు ఈ పులుసు తాగి మళ్లీ వచ్చే ఏడు రారని మేమందరం రాజలింగాన్ని ఏడిపించాం.

పద్ధతి ఏమిటంటే, ఆకులో అన్నీ వడ్డించి, ఒక్కొక్కరి పేరు చెప్పి ఒక్కో ముద్ద పెట్టాలి. చుట్టూ నీళ్లు తిప్పాలి. తర్వాత ఆకు తీసుకెళ్లి పిట్టగోడ మీద పెడితే కాకులు తింటాయి. మత్రాలో కాకులకు కొదవ లేదు.

నా వంతు వచ్చింది. తాత పేరు చెప్పి ముద్ద పెట్టాను. బాపు పేరు చెప్పి పెట్టాను. తర్వాత అవ్వ పేరు చెప్పాలి. అవ్వ అంటే మాకు అమ్మే. నా నోట గంగన్న అని వచ్చింది. ముద్ద కూడా పెట్టేశాను.

ఎందుకట్లా వచ్చిందో నాకు తెలుసు. చిన్నప్పుడు అవ్వ వంట అయ్యాక అన్నానికి ఒకే వరసలో పిలిచేది. తాత, బాపు, గంగన్న, నర్సన్న. రోజూ రెండు పూటలా, ఏళ్ల తరబడి విన్న వరస. నాలుక దానంతట అది ఆ దారిన పోయింది. ఇంకొక్క పేరు ముందుకు పోయి ఉంటే నాదే చెప్పేవాణ్ని.

నేను ఆ ముద్ద తీయబోయాను. రాజలింగం నా చెయ్యి పట్టుకున్నాడు.

"పేరు జెప్పి పెట్టినంక మళ్ల తీయద్దు. తీస్తే ఇంకింత తప్పు. ఉండనియ్," అన్నాడు.

ఆకు తీసుకెళ్లి పిట్టగోడ మీద పెట్టాను. మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. కాకులు వచ్చి తిన్నాయి. ఏ ముద్ద ముందు తిన్నాయో నేను చూడలేదు. ఆ సాయంత్రం మనసు పాడైంది. నాలుగు రోజులకు సర్దుకుంది. బతికున్న మనిషి పేరు చెప్పినంత మాత్రాన ఏమవుతుందని నాకు నేనే చెప్పుకున్నాను. వదినకు మాత్రం చెప్పలేదు.

తర్వాతి వేసవిలో మత్రా చేపల మార్కెట్లో ఒక కూలీ నన్ను చూసి ఆగిపోయాడు. బంగ్లాదేశ్ మనిషి. నీ ముఖంతో ఉన్న ఇండియావాడిని మసీరాలో చూశాను, వలలు కుట్టే పనిలో ఉండేవాడు అన్నాడు. ఎప్పుడు చూశావంటే రెండేళ్లు కావచ్చన్నాడు. అన్నదీ నాదీ ఒకే ముఖం. ఊళ్లో వెనక నుంచి చూసి ఒకరి పేరుతో ఇంకొకర్ని పిలిచేవాళ్లు.

ఆ రోజే వదినకు ఫోన్ చేశాను. ఆమె అటు నుంచి ఇంకో సంగతి చెప్పింది. మా పెద్దబాపు కులపోళ్లందర్నీ కూర్చోబెట్టి, గంగారాం జాడ లేక మూడేళ్లు దాటింది, వచ్చే పెత్రమాసకు అతని పేరు కూడా పెద్దల్లో కలపాలి, లేకపోతే ఆ ప్రాణం ఆకలితో తిరుగుతుంది అని తేల్చాడట. పేరు కలిపితే వదిన మెట్టెలు తీయాలి. ఇంకా నెలన్నర ఉంది.

"నువ్వు పోయి చూసి రా నర్సయ్యా. ఉన్నడంటే ఉన్నడను, లేడంటే లేడను. నువ్వు ఏది జెప్తె గది జేస్త. గీ నడుమల ఉండుడు నాతోని అయితలేదు," అంది.

మా కంపెనీకి మసీరాలో ఒక గెస్ట్‌హౌస్ పని వచ్చి ఉంది. సముద్రపు ఉప్పు గాలికి అవుట్‌డోర్ యూనిట్లన్నీ తుప్పు పట్టి పోయాయి. అంత దూరం, ఆ గాలిలో పనికి పోవడానికి ఎవరూ ఇష్టపడలేదు. నేను పోతానంటే ఫోర్‌మన్ ఆశ్చర్యపోయి పికప్ తాళాలు ఇచ్చాడు.

మస్కట్ నుంచి షన్నా రేవుకు ఆరు గంటలు పట్టింది. చివరి గంటంతా ఉప్పు నేల. చెట్టు లేదు, ఇల్లు లేదు. రేవులో పికప్‌లు వరసగా నిలబడి ఉన్నాయి. ఫెర్రీ ఎక్కాలంటే ప్రతి మనిషీ పతాకా చూపించాలి. పతాకా అంటే ఇక్కడ ఉండటానికి ప్రభుత్వం ఇచ్చే కార్డు. కార్డు నంబరు రాసుకున్నాకే టికెట్ ఇచ్చారు. అన్న ఈ ఫెర్రీలో ఎట్లా వచ్చి ఉంటాడని అప్పుడే అనుమానం వచ్చింది.

అవి గాలి రోజులు. ఫెర్రీ ఊగుతూ గంటన్నర నడిచింది. నీళ్లు బురద రంగులో ఉన్నాయి. దీవి దగ్గరికొచ్చేదాకా కనిపించనే లేదు, అంత దుమ్ము. హిల్ఫ్ అని ఒక చిన్న ఊరు ఉంది. దుకాణాలు, బ్యాంకు, ఆసుపత్రి అన్నీ అక్కడే. ఆ ఊరు దాటితే నల్లటి రాతి కొండలు, వాటి చుట్టూ సముద్రం పక్కనే ఒకే ఒక్క తారు రోడ్డు. దీవి చుట్టూ తిరిగి మళ్లీ హిల్ఫ్‌కే వస్తుంది. ఎక్కడ బయలుదేరినా, ఎటు పోయినా అదే రోడ్డు.

గురువారం దాకా గెస్ట్‌హౌస్ పని చేశాను. శుక్రవారం పొద్దున్నే పికప్ తీసుకుని రోడ్డు పట్టాను. ఎదురుగాలికి బండి పక్కకు జరిగేది. ఇసుక రోడ్డు మీద పాములా పాకుతూ పోయేది. పాతిక కిలోమీటర్లకు ఒక్క బండి ఎదురైంది. ఒకచోట మేకలు రాతి గోడ చాటున ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డాయి. పాత చెక్క పడవలు ఒడ్డున పక్కకు ఒరిగి పడి ఉన్నాయి. ఇంత దిక్కులేని చోట అన్న ఎట్లా ఉన్నాడో అనుకున్నాను. చిన్నప్పుడు అన్నకు పక్కన మనిషి లేకపోతే నిద్ర పట్టేది కాదు.

దీవి తూర్పు వైపు, రోడ్డు పక్కన, రేకులతో కట్టిన టీకొట్టు కనిపించింది. కొట్టు నడిపేది అజీజ్ అనే మలయాళీ, ముప్పై ఏళ్లుంటాయి. నేను లోపలికి అడుగుపెట్టగానే కళ్లు పెద్దవి చేసి నవ్వాడు.

"ఆజ్ అందర్ ఆయా? భూక్ లగా క్యా, భాయ్?" అన్నాడు. ఇవాళ లోపలికి వచ్చావే, ఆకలేసిందా అని.

నన్ను ఎవరనుకుంటున్నావని అడిగాను. అతను నా ముఖం చూశాడు, కింద నా బూట్లు చూశాడు, తడబడ్డాడు. రోజూ మధ్యాహ్నం ఈ రోడ్డు మీద ఒకతను దక్షిణం వైపు నడిచి పోతాడు, అచ్చం నీలాగే ఉంటాడు, ఎండలో కూడా చేపలవాళ్ల తెల్ల రబ్బరు బూట్లు వేసుకుంటాడు అన్నాడు. అన్నం తిని పో అని తను పిలుస్తాడట. ఆ మనిషి ఆగడు. ఒక చెయ్యి కడుపు మీద పెట్టుకుని, ఇంకో చెయ్యి అడ్డంగా ఊపుతాడు, కడుపు నిండింది, వద్దు అన్నట్టు. ఒక్క మాట మాట్లాడడు.

ఆ చేతులు నాకు తెలుసు. అవ్వ మారు వడ్డించబోతే అన్న అట్లాగే చేసేవాడు. నాకు ఏడుపు ఆగలేదు. అజీజ్ కంగారుపడి నీళ్లు ఇచ్చాడు. ఆ మనిషి ఎక్కడుంటాడని అడిగాను. ఎప్పుడూ ఆ వైపు నుంచే వస్తాడు, అటు చేపల పడవలవాళ్ల రూములు ఉన్నాయి అని చూపించాడు. అప్పుడే వదినకు ఫోన్ చేసేవాణ్నే. సిగ్నల్ లేదు. లేకపోవడమే మంచిదైంది.

పడవలవాళ్ల రూములు రెండు కిలోమీటర్లు కూడా లేవు. ప్లైవుడ్ గోడలు, నీలం డ్రమ్ములు, ఒడ్డుకు లాగిపెట్టిన పడవలు. గాలి రోజుల్లో వేట ఉండదు కాబట్టి నలుగురైదుగురు నీడన కూర్చుని వలలు కుడుతున్నారు. వాళ్లలో ఒకడు నన్ను చూసి లేచి నిలబడ్డాడు. చేతిలో వల కింద పడిపోయింది. అతని పేరు జమాల్, బంగ్లాదేశ్ మనిషి. దగ్గరికొచ్చి నా భుజం ముట్టుకుని చూశాడు. తర్వాత నువ్వు గంగా భాయ్ తమ్ముడివా అని హిందీలో అడిగాడు.

అన్న ఎక్కడ అన్నాను. జమాల్ తల దించుకున్నాడు. గంగా భాయ్ పోయి పది నెలలైంది అన్నాడు.

నేను అజీజ్ చెప్పింది చెప్పాను. రోజూ ఆ రోడ్డు మీద నడుస్తున్నాడట కదా అన్నాను. జమాల్ ముఖంలో రంగు మారింది. ఆ రోడ్డున తను రోజూ పోతాడు, ఎన్నడూ చూడలేదు అన్నాడు. అజీజ్ ఈ దీవికి వచ్చిందే ఆరు నెలల కిందట, గంగా భాయ్‌ని అతను ఎట్లా ఎరుగుతాడు అన్నాడు.

తర్వాత జమాల్ అంతా వరసగా చెప్పాడు. అన్న సూర్ వైపు నుంచి ఒక చేపల పడవలో వచ్చాడట. వల కుట్టడంలో మంచి చెయ్యి. అర్బాబ్, అంటే పడవల యజమాని, ముసలి ఒమానీ, అన్నను ఇష్టపడి ఉంచుకున్నాడు. ఇంటికి ఎందుకు ఫోన్ చేయవని జమాల్ ఎన్నోసార్లు అడిగాడు. కాగితాలు అయ్యాక ఒకేసారి చేస్తా, ఇప్పుడు చెప్పుకోవడానికి ఏముంది అనేవాడట. నాకు కోపం, దుఃఖం కలిసి వచ్చాయి. నీ సిగ్గు కోసం ఆమెను ఇన్నేళ్లు ఏడిపిస్తావా అని అక్కడే అరవాలనిపించింది. అరిస్తే వినేవాడు లేడు.

పది నెలల కిందట ఒక శుక్రవారం. జమాల్ జుమ్మా నమాజు నుంచి వచ్చేసరికి ఇంటి నుంచి ఫోన్ వచ్చింది, కూతురు పుట్టిందని. అందుకే ఆ రోజు అతనికి బాగా గుర్తు. అందరూ అన్నానికి కూర్చున్నారు. అన్నం, చేపల పులుసు. అన్న చేతులు కడుక్కుని వచ్చి ముద్ద కలిపి, నోటి దాకా తెచ్చి ఆగిపోయాడు. ముద్ద పళ్లెంలో పెట్టేశాడు.

"పేట్ భర్ గయా," అన్నాడట. కడుపు నిండిపోయింది అని.

ఇంకా తినందే ఎట్లా నిండిందని వీళ్లు నవ్వారు. అన్న కూడా నవ్వాడు. మా ఇంటివాళ్లు ఎక్కడో నాకు బాగా వడ్డించారు, మేక మాంసం, మినప్పప్పు గారెలు అన్నాడట. పులుసు మాత్రం చెడగొట్టారు, చింతపండుకు బదులు లూమీ వేశారు, అన్నాడట.

నేను జమాల్‌ను ఆ మాట మూడుసార్లు చెప్పించాను. మూడుసార్లూ లూమీ అనే అన్నాడు. ఫోన్‌లో కూతురి ఫొటో చూపించమన్నాను. ఇంటివాళ్లు పంపిన తేదీ ఫొటో కింద కనిపించింది. మా పెత్రమాస రోజే. ఆ లూమీ సంగతి మత్రా రూమ్‌లో మా ఐదుగురికి తప్ప ఎవరికీ తెలియదు. మేమెవరం ఎవరితోనూ చెప్పుకున్నదీ కాదు, చెప్పుకునేంత గొప్ప సంగతీ కాదు.

ఆ రోజు నుంచి అన్న మెతుకు ముట్టలేదట. తొమ్మిది రోజులు, ఉత్త నీళ్లు తాగాడు. జ్వరం లేదు, నీరసం లేదు, చిక్కలేదు. ఎప్పటిలాగే పని చేశాడు. అన్నం వేళకు కడుపు మీద చెయ్యి పెట్టుకుని వద్దనేవాడు. మొదట్లో నవ్వుతూ అనేవాడు. తర్వాత నవ్వడం మానేశాడు. ఆకలి ఎట్లా ఉంటుందో మర్చిపోతున్నా భాయ్, ఇది మంచిది కాదు అని ఒకసారి జమాల్‌తో అన్నాడట. తొమ్మిదో రోజు మధ్యాహ్నం తెల్ల బూట్లతో లేచి, రోడ్డెక్కి, దక్షిణం వైపు నడిచి పోయాడు. మళ్లీ రాలేదు.

వీళ్లు దీవంతా వెతికారు. పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. కార్డు లేని మనిషి కాబట్టి ఫెర్రీ ఎక్కలేడు. తనకు కేసవుతుందని అర్బాబ్ ఎవరికీ చెప్పనివ్వలేదు. ఏ శవమూ ఒడ్డుకు రాలేదు.

జమాల్ నాకూ అన్నం పెట్టాడు. నేను తినలేకపోయాను. నేను చేసిన పని అతనితో చెప్పలేకపోయాను. అన్న బతికి, వల కుట్టుకుంటూ, ఆకలేసి అన్నానికి కూర్చున్న రోజున నేను అతనికి చచ్చినవాళ్ల ముద్ద పెట్టాను. ఈ ఒక్క మాటే తలలో తిరిగింది.

ఆ మధ్యాహ్నం రోడ్డు పట్టుకుని దక్షిణం కొస దాకా పోయాను. గాలికి నిలబడటం కష్టమైంది. రాళ్లు, గవ్వలు, విరిగిన వలలు. అన్నా అని అరిచాను. నా గొంతు నాకే వినబడలేదు. దీవి అవతలి వైపు నుంచి తిరిగి హిల్ఫ్‌కు వచ్చాను. మొత్తం రోడ్డంతా చూశాను. ఎక్కడా నడిచే మనిషి లేడు.

శనివారం మూడింటికి ఫెర్రీ. పన్నెండు కాకముందే అజీజ్ కొట్టుకు పోయి, రోడ్డుకు ఎదురుగా బెంచీ వేసుకుని కూర్చున్నాను. అజీజ్ కొట్టులో కూరగిన్నెలు దించుతున్నాడు. జమాల్ చెప్పిందేదీ నేను అతనికి చెప్పలేదు. చెప్తే ఏదో ఊహించుకుంటాడని భయం.

పన్నెండున్నర దాటాక అజీజ్ తల ఎత్తి రోడ్డు వైపు చూశాడు.

"అదిగో, మీ మనిషి," అన్నాడు హిందీలో.

నేను లేచాను. రోడ్డు మీద ఎవరూ లేరు. ఇసుక పాకుతోంది. అంతే. ఎక్కడ అన్నాను. అతను వేలు చూపించాడు. ఆ వేలు చాలా నిదానంగా కుడి వైపు జరుగుతూ పోయింది, నడిచే మనిషిని చూపించేటప్పుడు జరిగినట్టు. తర్వాత ఎప్పుడూ చేసేదే అన్నట్టు గట్టిగా, భాయ్, ఖానా ఖాకే జావ్ అని పిలిచాడు. ఒక్క క్షణం చూసి నవ్వాడు. మళ్లీ కడుపు మీద చెయ్యి పెట్టాడు చూడు, ఈ మనిషి ఎప్పుడు తింటాడో అన్నాడు.

నేను రోడ్డు మీదికి పరుగెత్తాను. అజీజ్ వెనక నుంచి, పక్కనే ఉన్నాడు, నీ ఎడమ పక్కనే అని అరిచాడు. నేను ఎడమ పక్కకు చేతులు చాచాను. గాలి తప్ప ఏమీ తగల్లేదు. అన్నా, నేను నర్సయ్యను, తప్పు చేసిన, ఇంటికి పోదాం రా అన్నాను. ఎంతసేపు అట్లా నిలబడ్డానో తెలియదు. వెనక్కి తిరిగేసరికి అజీజ్ నవ్వడం లేదు. నా ముఖం చూసి, నేను చేతులు చాచిన తీరు చూసి అతనికి అర్థమైంది. నీకు కనబడలేదా అని మెల్లగా అడిగాడు.

నీతో ఏమైనా అన్నాడా, నా వైపు చూశాడా అని అడిగాను. నీ వైపు చూడలేదు, నిన్ను దాటుకుని పోయాడు, నువ్వు ఉన్నట్టే అతనికి తెలియలేదు అన్నాడు అజీజ్. ఆ సాయంత్రమే అతను కొట్టు మూసేశాడని తర్వాత జమాల్ ఫోన్‌లో చెప్పాడు.

షన్నా రేవులో దిగాక వదినకు ఫోన్ చేశాను. దారంతా ఏం చెప్పాలా అని ఆలోచించాను. ఉన్నాడంటే అబద్ధం, లేడంటే అదీ అబద్ధమే. చివరికి పికప్ పక్కన నిలబడి అంతా చెప్పేశాను. పెత్రమాస నాడు నోరు జారింది, ముద్ద పెట్టింది, లూమీ, జమాల్, అజీజ్, రోడ్డు, ఏదీ దాచలేదు.

"ఆ దినం ఏమేం పెట్టినవ్ నర్సయ్యా?" అని అడిగింది.

చెప్పాను.

"కడుపునిండ పెట్టినవా?"

"పెట్టిన వదినా."

నన్ను తిట్టు వదినా అన్నాను. తిడితే నాకు కొంత బరువు దిగేది.

"నిన్నెందుకు తిడుత. ఆయన ఆకలితోనైతే తిరుగుతలేడు గద," అంది. తర్వాత గొంతు గట్టి చేసుకుంది. "గీ పెత్రమాసకు ఎవ్వల్ని ఆయన పేరు జెప్పనియ్య. ఒక్క మెతుకు పెట్టనియ్య. మెట్టెలు తియ్య. ఆయనకు ఆకలి కావాలె. ఆకలైతే ఇంటికస్తడు."

మస్కట్ వచ్చాక ఎంబసీలో మసీరా సంగతి కూడా రాసిచ్చాను. ఇప్పటిదాకా ఏ జవాబూ లేదు. జరిగినదానికి కారణాలు వెతకని రోజు లేదు. అజీజ్ నన్ను ఆట పట్టించాడా? అతనికి నా ముఖం, అన్న బూట్లు, ఆ చేతుల తీరు ఎట్లా తెలుసు? లూమీ మాట జమాల్‌కు ఎవరు చెప్పారు? రాజలింగానికి అంతా చెబితే, నీ చెయ్యి ఆ రోజు నేనే ఆపాను కదా అని మాత్రం అన్నాడు. ఆ తర్వాత అతను పెత్రమాసకు వంట చేయలేదు.

అది జరిగి రెండు పెత్రమాసలు గడిచాయి. పెద్దబాపు ఎంత కోప్పడ్డా వదిన ఒప్పుకోలేదు. రోజూ మధ్యాహ్నం వేళకు అన్నకు ఇష్టమైనవి వండి, గిన్నెల మీద మూతలు పెట్టి, వాకిట్లో కూర్చుంటుందట. ఎవరికీ వడ్డించదు, ముద్ద తీసి పక్కన పెట్టదు. చీకటి పడ్డాక లేచి, ఆ చల్లారిన అన్నమే తను తింటుంది.

మా అన్నకు ఇంకా ఆకలి కాలేదు.